లంకల్లో, మడ అడవుల్లో ప్రథమ చికిత్స: ఏ శిక్షణ ఎవరికి?

ఫస్ట్ ఎయిడ్ తరగతుల్లో చాలావరకు ఒక లెక్క మీద నడుస్తాయి. 108కి ఫోన్ చేస్తాం, బండి వస్తుంది, అది వచ్చేదాకా మనిషిని నిలబెడితే చాలు. అమలాపురం గడియార స్తంభం దగ్గర ఈ లెక్క సరిపోతుంది. గోదావరి పాయల మధ్య ఉన్న కనకాయలంక కాజ్‌వే మీద వరద పారుతున్నప్పుడు సరిపోదు. కోరంగి మడ అడవుల్లో ఆటు తీసి పడవ బురదలో కూర్చుండిపోయినప్పుడు, పాపికొండల మలుపుల్లో ఫోన్‌కు సిగ్నల్ లేనప్పుడు అసలే సరిపోదు. అక్కడ దెబ్బ తగిలిన మనిషి నిమిషాలు కాదు, గంటల తరబడి మీ చేతుల్లోనే ఉంటాడు.

కొండల్లో, అడవుల్లో తిరిగేవాళ్లకు నేర్పే వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్‌కు మామూలు ఫస్ట్ ఎయిడ్‌కు తేడా అక్కడే మొదలవుతుంది. ఆసుపత్రికి గంటకు మించి దూరం ఉంటే ఆ చోటును అడవిగానే లెక్కేస్తారు. గోదావరి పాయల మధ్య దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే మోసపోతాం. గట్టు మీద నిలబడితే అవతల ఆసుపత్రి ఉన్న ఊరు కనిపిస్తూనే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 13 లక్షల క్యూసెక్కులకు చేరి రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక ఆ ఊరికి పడవ వేయడానికి సరంగు కూడా వెనకాడతాడు. అందుకని శిక్షణ ఎంచుకునే ముందు ఒక్క ప్రశ్నకు నిజాయితీగా జవాబు రాసుకోండి: మీరు ఉండే చోట, లేదా తిరిగే చోట, ఏడాదిలో అన్నిటికంటే చెడ్డ రోజున, డాక్టర్ చేతికి మనిషిని అప్పగించడానికి ఎంతసేపు పడుతుంది? అరగంట లోపైతే ఒక రకం తరగతి. రెండు మూడు గంటలైతే ఇంకో రకం. రాత్రంతా అయితే పూర్తిగా వేరే సంగతి.

దొరికే దారులు

గంట, రెండు గంటల ఉచిత సీపీఆర్ శిబిరాలు కాలేజీల్లో, అపార్ట్‌మెంట్లలో తరచుగా పెడుతుంటారు. వీటిలో చాలాచోట్ల నేర్పేది ఛాతీ నొక్కడం ఒక్కటే. ఇండియన్ రీససిటేషన్ కౌన్సిల్ సామాన్య జనం కోసం తయారుచేసిన కాల్స్ (కంప్రెషన్ ఓన్లీ లైఫ్ సపోర్ట్) పద్ధతి కూడా అదే: నోటితో ఊపిరి ఊదడం లేకుండా, ఆపకుండా ఛాతీ నొక్కడం. గుండెపోటుతో హఠాత్తుగా కూలిపోయిన మనిషికి అది పనికొస్తుంది, ఎందుకంటే అతని రక్తంలో ఇంకా ఆక్సిజన్ మిగిలి ఉంటుంది. నీళ్లలో మునిగినవాడి సంగతి అలా కాదు. అతని గుండె ఆగిందే ఆక్సిజన్ అయిపోయి. ఊపిరి ఊదకుండా నొక్కితే ఆక్సిజన్ లేని రక్తమే చుట్టూ తిరుగుతుంది. ఏరు, కాలువ, చెరువు తప్ప ఇంకేమీ లేని మన ప్రాంతానికి ఈ శిబిరం ఒక్కటే సరిపోదని అందుకే అంటున్నాం. దొరికితే వెళ్లండి, అక్కడితో ఆగిపోవద్దు.

బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) కోర్సు సగం రోజు పని. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సర్టిఫికెట్ ఇస్తారు, రెండేళ్లు చెల్లుతుంది. నర్సులకు, ఆసుపత్రి సిబ్బందికి కావలసింది ఇది. సీపీఆర్ వరకు ఇంత గట్టిగా చేయించే కోర్సు మరొకటి లేదు: బొమ్మ మీద నొక్కు లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 వరకు, ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేచేదాకా. ఊపిరి ఊదడం, మాస్క్ వాడటం కూడా నేర్పుతారు. కానీ విరిగిన కాలు, పాముకాటు, రక్తస్రావం గురించి ఇందులో ఏమీ ఉండదు. ఒక్క పని బాగా వచ్చినవాళ్లు తయారవుతారు.

రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ తరగతులు జిల్లా శాఖల ద్వారా నడుస్తాయి. గాయాలు, కాలిన పుండ్లు, ఎముకలు, పాముకాటు, సీపీఆర్ అన్నీ కొద్దికొద్దిగా తడుముతారు. తెలుగులో చెబుతారు, ఫీజు తక్కువ. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో పనిచేసేవాళ్లకు ఇంకో ఉపయోగం ఉంది. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948 సెక్షన్ 45 ప్రకారం ప్రతి 150 మంది కార్మికులకు ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉండాల్సి వచ్చేది, దాని బాధ్యత రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన సర్టిఫికెట్ ఉన్న మనిషికి ఇవ్వాల్సి వచ్చేది. ఈ తరగతుల బలహీనత ఏమిటంటే ఒక్కో చోట ఒక్కో తీరు. మంచి ట్రైనర్ దొరికితే బంగారం. లేకపోతే 60 మందిని కూర్చోబెట్టి బోర్డు మీద బొమ్మలు గీసి సాయంత్రానికి సర్టిఫికెట్ పంచేస్తారు.

వైల్డర్‌నెస్ కోర్సుల్లో రెండు మెట్లు. మొదటిది రెండు రోజులు, సుమారు 16 గంటలు. రెండోది వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్, 70 నుంచి 80 గంటలు, అంటే ఎనిమిది నుంచి పది రోజులు. ముస్సోరీ దగ్గర లండూర్‌లో వుడ్‌స్టాక్ స్కూలుకు చెందిన హనిఫిల్ సెంటర్ ఈ కోర్సులకు పేరున్న చోటు. పాఠం ఇంగ్లీషులో ఉంటుంది. రైలు ఖర్చు, బస, సెలవు అన్నీ కలిపితే ఈ జాబితాలో ఖరీదైన దారి ఇదే.

ఇక ఆపద మిత్ర. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పథకం ఇది. వరద, తుపాను ప్రాంతాల్లో వాలంటీర్లను ఎంచుకుని 12 రోజులు ఉచితంగా శిక్షణ ఇచ్చి కిట్ కూడా ఇస్తారు. ఎప్పుడంటే అప్పుడు చేరే వీలుండదు. కలెక్టరేట్‌లో విపత్తుల విభాగం దగ్గర కొత్త బ్యాచ్ ఉందేమో కనుక్కోవాలి. అవకాశం వస్తే లంక గ్రామాల యువకులు వదులుకోకూడదు, నీళ్లలోంచి మనిషిని తీసే పని ఇందులోనే నేర్పుతారు.

ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకోవడం సంగతి ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. నేర్చుకున్నది మరిచిపోకుండా ఉండటానికి మంచివి, మొదటిసారి నేర్చుకోవడానికి కాదు. నొక్కు లోతు చాలలేదని వీడియో మీకు చెప్పదు.

తేడా బయటపడే మూడు సందర్భాలు

కోర్సుల పేర్లు పక్కన పెట్టి, ఇక్కడ నిజంగా జరిగే ప్రమాదాలను ఒక్కొక్కటి తీసుకుని ఏ తరగతి ఎంతవరకు చేయిస్తుందో చూడటం మంచి పద్ధతి.

మొదటిది మునక. మంచి తరగతి నీళ్లలోకి దూకవద్దనే మాటతో మొదలుపెడుతుంది. ముందు గెడ అందించాలి, అందకపోతే తాడో, మూత బిగించిన ఖాళీ క్యానో విసరాలి, అదీ కాకపోతే పడవ తీసుకెళ్లాలి. ఈత కొట్టుకుంటూ వెళ్లడం అన్నిటికంటే ఆఖరి మార్గం, మునిగేవాడు పట్టుకున్న పట్టుకు ఇద్దరూ పోతారు. గట్టుకు చేర్చాక పది సెకన్లకు మించకుండా ఊపిరి చూడాలి. లేకపోతే ముందు ఊపిరి ఊదాలి. అమెరికా పద్ధతిలో నేర్పేవాళ్లు రెండు అంటారు, యూరప్ పద్ధతివాళ్లు ఐదు అంటారు. మీ ట్రైనర్ నేర్పింది చేయండి, ఆ తేడా మీద వాదన అనవసరం. ఒక్కో ఊపిరి ఒక సెకను పాటు, ఛాతీ లేచేంత. ఆ తర్వాత 30 నొక్కులు, 2 ఊపిరులు. రెండు నిమిషాలకోసారి చేతులు మారాలి, లేకపోతే అలిసిపోయి లోతు తగ్గిపోతుంది, నొక్కేవాడికి ఆ సంగతి తెలియదు.

మన ఊళ్లలో ఇప్పటికీ జరిగే తప్పు పొట్ట నొక్కడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పడం. పొట్ట నొక్కితే బయటికి వచ్చేది కడుపులోని నీళ్లు, అవి తిరిగి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాంతి దానంతటదే వస్తే పక్కకు తిప్పి, వేళ్లతో తుడిచి, మళ్లీ మొదలుపెట్టాలి. బురద మీద నొక్కితే వీపు కిందికి దిగిపోయి ఛాతీ అణగదు, అందుకని మనిషిని పడవ చెక్కల మీదికో, గట్టి నేల మీదికో చేర్చాలి. బీఎల్ఎస్ తరగతిలో గట్టి చోట పడుకోబెట్టమని చెబుతారు గానీ, ఏసీ గదిలో బల్ల మీద బొమ్మ ఉంటుంది కాబట్టి బురదతో పని పడదు. తేరుకున్నవాడు "నాకేం కాలేదు, ఇంటికి పోతా" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ల ప్రభావం గంటల తర్వాత కూడా ముదరవచ్చు.

రెండోది పాము. వరద వచ్చినప్పుడు మనుషులతోపాటు పాములు కూడా మెరక చూసుకుంటాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటి విషానికి మన ఆసుపత్రుల్లో ఉండే ఒకే రకం విరుగుడు మందు పనిచేస్తుంది. కాబట్టి పామును చంపి సంచిలో వేసుకుని వెళ్లాల్సిన పని లేదు. ఫస్ట్ ఎయిడ్ చేసేవాడి పని నాలుగు ముక్కలు: ధైర్యం చెప్పడం, విరిగిన కాలును కట్టినట్టు కదలకుండా చేయడం, నడిపించకుండా మోసుకుని తీసుకెళ్లడం, లక్షణాలు ఏ సమయానికి ఏవి వచ్చాయో డాక్టర్‌కు చెప్పడం. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, వాపు వచ్చే లోపే తీసేయాలి.

మామూలు తరగతి ఇక్కడితో ఆగుతుంది. వైల్డర్‌నెస్ తరగతి మిగతా మూడు గంటలు ఏం చేయాలో చెబుతుంది. వాపు ఎక్కడి దాకా వచ్చిందో బాల్ పెన్‌తో గీత గీసి పక్కన టైము రాయడం. పదిహేను నిమిషాలకోసారి కనురెప్పలు వాలుతున్నాయా, మాట ముద్దగా వస్తోందా, చిగుళ్ల నుంచి రక్తం కారుతోందా చూసి కాగితం మీద పెట్టడం. కట్లపాము విషయంలో ఈ కాగితం ప్రాణం నిలబెడుతుంది. అది రాత్రి పూట, నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచిన మనిషికి రెప్పలు వాలుతుంటే అది అజీర్తి కాదు. ఊపిరి ఆగిపోతే నోటితో ఊదుతూ ఆసుపత్రి దాకా తీసుకెళ్లడం కూడా పాఠంలో భాగమే.

ఒక జాగ్రత్త. ఆస్ట్రేలియా పాఠ్యాంశంతో నేర్పే కొన్ని కోర్సుల్లో పాముకాటుకు కాలంతా ఒత్తి బ్యాండేజీ చుట్టడం చేయిస్తారు. అక్కడి పాములకు అది సరిపోతుంది. రక్తపింజర విషం కాటు వేసిన చోటే కండను తినేస్తుంది, ఒత్తి కడితే విషమంతా అక్కడే నిలిచి నష్టం పెరుగుతుంది. మన మార్గదర్శకాలు కదలకుండా చేయమంటాయి, ఒత్తి కట్టమనవు. ఇక తాడు బిగించి కట్టమనో, కోసి నోటితో పీల్చమనో చెప్పే ట్రైనర్ ఎదురైతే ఆ తరగతి నుంచి లేచి వచ్చేయండి. ఊళ్లో ఎవరైనా అప్పటికే తాడు బిగించేసి ఉంటే దారిలో హఠాత్తుగా విప్పొద్దు, ఆసుపత్రిలో మందు సిద్ధంగా ఉన్నప్పుడు డాక్టర్ విప్పుతారు. ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గర వల లాగేవాళ్లకు ఇంకో మాట: సముద్రపు పాము కాటుకు ఆ నాలుగు పాముల మందు పనిచేయదు. ఒళ్లంతా కండరాల నొప్పి, నల్లటి మూత్రం కనిపిస్తే వెంటిలేటర్, డయాలసిస్ రెండూ ఉన్న పెద్దాసుపత్రికే నేరుగా వెళ్లాలి.

మూడోది కొబ్బరిచెట్టు మీంచి పడటం. కాయల దింపు తీసేవాళ్లు పడేది ముప్పై నలభై అడుగుల నుంచి. మామూలు తరగతి చెప్పేది "వెన్ను విరిగి ఉండొచ్చు, కదపకండి, అంబులెన్స్ కోసం ఆగండి". పట్నంలో అది సరైన మాటే. లంకలో ఏరు పెరుగుతుంటే, చీకటి పడుతుంటే ఎంతసేపు ఆగుతారు? అసలు ఏ మనిషిని కదపవచ్చో, ఏ మనిషిని పలక మీద తప్ప కదపకూడదో తేల్చుకునే పద్ధతి వైల్డర్‌నెస్ కోర్సు నేర్పుతుంది. స్పృహ, మాట పూర్తిగా సరిగ్గా ఉన్నాయా, మత్తులో ఉన్నాడా, వెన్ను మధ్య గీత వెంట వేలితో నొక్కితే నొప్పి ఉందా, నాలుగు చేతికాళ్లలో స్పర్శ, బలం సమానంగా ఉన్నాయా, దృష్టిని మరల్చేంత పెద్ద గాయం ఇంకెక్కడైనా ఉందా. ఒక్కటి తేడాగా ఉన్నా వెన్ను దెబ్బే అనుకుని నలుగురు కలిసి, తల పట్టుకున్నవాడి లెక్క ప్రకారం, ఒక్కసారిగా దొర్లించాలి. దీన్ని పుస్తకం చదివి చేయలేరు. నలుగురితో పదిసార్లు దొర్లించి చూస్తే తప్ప చేతులకు పట్టుబడదు.

మోయడానికి రెండు గెడలు, నాలుగు గోనె సంచులు చాలు. సంచుల అడుగు మూలలు కోసి గెడలు దూర్చాలి. విరిగిన ముంజేతికి అరటి డొప్ప మంచి బద్ద. కొబ్బరి మట్ట వంకర తిరిగి ఉంటుంది, దాన్ని నేరుగా కడితే ఒరిపిడికి పుండు పడుతుంది, లోపల తువ్వాలు మెత్త వేయాలి. విరిగిన ఎముకకు పైన, కింద ఉన్న కీళ్లు రెండూ కట్టులోకి రావాలి. కట్టకముందు, కట్టాక వేళ్ల కొసల్లో రంగు, స్పర్శ, కదలిక చూడాలి. కట్టిన తర్వాత వేళ్లు చల్లబడితే కట్టు బిగువు ఎక్కువైందన్నమాట.

ఇవి కాక చెప్పుకోవలసినవి కొన్ని ఉన్నాయి. రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ కరెంటు కొట్టినప్పుడు మెయిన్ ఆపకుండా చెరువులోకి దిగినవాడు రెండో శవం అవుతాడు, దీన్ని ఏ కోర్సులో నేర్చుకున్నా ఇంట్లో అందరికీ చెప్పాలి. జెల్ల ముల్లు, టేకు చేప తోక ముల్లు గుచ్చుకుంటే చేయి తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో, అంటే 45 డిగ్రీలకు మించకుండా, అరగంట నుంచి గంటన్నర వరకు ఉంచితే నొప్పి దిగుతుంది. అయితే మొద్దుబారిన కాలికి వేడి తెలియదు, నీళ్ల వేడిని పక్కవాడు తన మోచేత్తో చూడాలి. వైల్డర్‌నెస్ కోర్సుల్లో మంచు, ఎత్తైన కొండల రోగాలకు చాలా గంటలు పోతాయి, మనకు అక్కర్లేనివి. ఎండ దెబ్బ పాఠం మాత్రం శ్రద్ధగా వినండి. ఉక్కపోతలో చెమట ఆరదు, అందుకని మన దగ్గర విసరడం కన్నా మెడ దాకా నీళ్లలో కూర్చోబెట్టడం త్వరగా పనిచేస్తుంది. స్పృహ తప్పినవాడినైతే తల పట్టుకుని ఉండే మనిషి లేకుండా నీళ్లలో పెట్టకూడదు.

ఎవరు ఏది తీసుకోవాలి

లంకలో కాపురం ఉండే కుటుంబంలో ఒకరైనా రెడ్ క్రాస్ లేదా సెయింట్ జాన్ తరగతి చేయాలి. ఆ తర్వాత పై మూడు సందర్భాల కోసం ఊళ్లోనే ఇంకో రోజు సాధన పెట్టుకోవాలి. పది పన్నెండు మంది కలిసి ఒక ట్రైనర్‌ను పిలిపించుకుంటే ముస్సోరీ ఖర్చులో చిన్న ముక్కకు పని అయిపోతుంది. చాలామందికి మేం చెప్పే జవాబు ఇదే.

చెరువుల యజమానులు, సూపర్‌వైజర్లు అదే తరగతికి బీఎల్ఎస్ కలుపుకోవాలి. కరెంటు దెబ్బకు, మునకకు సీపీఆరే ముఖ్యం, దాన్ని గట్టిగా చేయించేది బీఎల్ఎస్.

కోరంగిలోనో, పాపికొండల దారిలోనో పర్యాటకులను తిప్పే పడవల సిబ్బంది, మారేడుమిల్లి వైపు ట్రెక్కింగ్ తీసుకెళ్లేవాళ్లు కనీసం 16 గంటల వైల్డర్‌నెస్ కోర్సు చేయాలి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం తర్వాత లైఫ్ జాకెట్ల గురించి అందరం మాట్లాడాం. జాకెట్ మనిషిని తేలుస్తుంది, ఒడ్డుకు చేరినవాళ్లలో ఎవరిని ముందు చూడాలో తేల్చేది శిక్షణ పొందిన మనిషి. ఒకేసారి పదిమంది గాయపడితే వరుస నిర్ణయించడం ఎనిమిది రోజుల కోర్సులో విడిగా నేర్పుతారు. సంస్థకు ఒకరిని ఆ కోర్సుకు పంపి, తిరిగొచ్చాక మిగతావాళ్లకు సాధన చేయించుకోవడం డబ్బు పరంగా తెలివైన పని. సొంత సరదాకు తిరిగేవాళ్లు ఎనిమిది రోజుల కోర్సు మీద డబ్బు పెట్టడం ఎక్కువే.

ఫీజు కట్టే ముందు అడగాల్సినవి

ఒక్కో సీపీఆర్ బొమ్మకు ఎంతమంది? ఆరుగురికి మించితే మీ చేతికి వచ్చేది కొన్ని నిమిషాలే. ఊపిరి ఊదడం చేయిస్తారా, నొక్కడమేనా? గంటల్లో సగమైనా నేల మీద కూర్చుని చేసే సాధన ఉందా? చీకట్లో, తడిసిన బట్టలతో ఒక్క సన్నివేశమైనా చేయిస్తారా? అంబులెన్స్ రెండు గంటల దాకా రాదని ట్రైనర్‌కు చెప్పి, ఆ రెండు గంటల్లో ఏం చేయాలో అడగండి. "త్వరగా ఆసుపత్రికి తీసుకెళ్లండి" అని మాత్రమే జవాబు వస్తే ఆ తరగతి పట్నానికి తయారైంది. ఇంజెక్షన్లు, కుట్లు నేర్పుతామని ఊరించేవాళ్లను దూరం పెట్టండి. అది ప్రథమ చికిత్స కాదు, మీ చేతిలో అవి ప్రమాదం.

సర్టిఫికెట్ గడువు రెండేళ్లో, మూడేళ్లో ఉంటుంది. చేతి పని అంతకాలం నిలవదు, కొన్ని నెలల్లోనే నొక్కు లోతు, లెక్క తప్పుతాయి. జూలైలో వరద ఎర్రనీరు దిగేముందు ఒక పూట, అక్టోబరులో తుపాన్ల ముందు ఇంకో పూట సాధన పెట్టుకుంటే సరిపోతుంది. బొమ్మ లేకపోతే సైకిల్ ట్యూబు చుట్టి గట్టిగా గాలి కొట్టి, దాని మీద పలక పెట్టి నొక్కుతూ లెక్కపెట్టవచ్చు. అదే పూట పెట్టె తెరిచి చూడండి: లీటరు నీళ్లకు కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆరు, ముక్కోణపు గుడ్డలు నాలుగు, 10 సెంటీమీటర్ల వెడల్పు బ్యాండేజీలు నాలుగు, చేతి తొడుగులు ఆరు జతలు, ఊపిరి ఊదే మాస్క్ ఒకటి, కత్తెర, బాల్ పెన్, వాటర్‌ప్రూఫ్ టార్చి. టార్చిలో బ్యాటరీలు వేసి ఉంచితే ఉప్పుగాలికి చీము కారుతాయి, విడిగా ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టాలి.